జాబితాలో లేని బెల్గాసెం

ఐన్ సల్మా, మే 3

నజీహాకు,

నేను క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. ఎందుకు రావడం లేదో నీకు తెలుసు. ఆ పని చేసింది నువ్వే.

ఊళ్లో పెళ్లికి వచ్చావు, కుస్‌కుస్ తిన్నావు, నా కంప్యూటర్ చచ్చిపోయిందంటే "చూస్తాలే అన్నయ్యా" అన్నావు. పొద్దున నేను లేచేసరికి నువ్వు మొదటి టాక్సీ పట్టుకుని స్ఫాక్స్ వెళ్లిపోయావు. తెర మీద మాత్రం ఏదో పరాయి దేశం. ఇన్నేళ్లుగా నాకు తెలిసిన విండోస్ లేదు. లినక్స్ అట. దాని గుర్తు పెంగ్విన్ అట. ఖర్జూరపు తోటల్లో, ఈ ఎండల్లో, పెంగ్విన్! నవ్వుకోవడానికి ఊరందరికీ నేనే దొరికాను.

నా ఫిర్యాదులు విను. "నా కంప్యూటర్" అని ఒక బొమ్మ ఉండేది. అది లేదు. మరి ఇప్పుడిది ఎవరి కంప్యూటర్? సి డ్రైవ్ లేదు. రిఫ్రెష్ లేదు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు తెర మీద రెండుసార్లు రిఫ్రెష్ కొట్టడం నాకు అలవాటు. దాని వల్ల ఏం ఒరుగుతుందని అడగకు. కొడితేగాని చెయ్యి ఆడదు. అన్నిటికంటే ఘోరం, యాంటీవైరస్ లేదు. పొద్దున్నే కంప్యూటరంతా వెతికించి, దొరికిన వైరస్‌లను చంపితేగాని నాకు కాఫీ దిగేది కాదు. ఇప్పుడు పొద్దున్నే ఏం చెయ్యమంటావు?

నీకిది నవ్వులాట. నాకు కాదు. వేసవి నీళ్ల వంతుల పట్టిక జూన్ మొదటి శుక్రవారం తోటల సంఘం తలుపు మీద అంటించాలి. ఏ తోటకు కాలువ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు కట్టాలో తేల్చేది ఆ కాగితమే. చేతిరాత చెల్లదు, ప్రింటే ఉండాలి. ఆ నియమం పెట్టించింది నేనే, హమ్మాదీ ఒకసారి పెన్నుతో తన వంతు పొడిగించుకున్నాడని. ఇప్పుడు అదే హమ్మాదీ సంఘంలో లేచి, "బెల్గాసెం పెట్టె చచ్చింది. పాతకాలం కుండ కడదాం," అన్నాడు. అడుగున చిల్లున్న కుండ గుర్తుందా? అందులో నీళ్లన్నీ కారిపోతే ఒక వంతు అయిపోయినట్టు. శుక్రవారానికి నా పట్టిక తలుపు మీద లేకపోతే కుండ కడతారు, నీళ్ల కార్యదర్శి పదవి హమ్మాదీకి పోతుంది. మీ వదిన పోయాక నా ఇంటికొచ్చేవాళ్లందరూ వంతు అడగడానికి వచ్చేవాళ్లే. ఆ పని కూడా పోతే నా తలుపు తట్టేవాడుండడు.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో మనిద్దరం నాలుగో మాటకే పోట్లాడుకుని పెట్టేస్తాం. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యడానికి ఉండదు. టాక్సీ మొంజీ ఎలాగూ స్ఫాక్స్ వస్తూ పోతూ ఉంటాడు, ఉత్తరాలు అతని చేతికివ్వు.

విండోస్ పోగొట్టుకున్న మీ అన్న,
బెల్గాసెం

*

స్ఫాక్స్, మే 8

పెంగ్విన్ పాలబడిన అన్నయ్యకు,

నీ ఉత్తరం షాపులో చదివాను. రిపేరుకొచ్చిన కంప్యూటర్ల మధ్య కూర్చుని ఒక్కదాన్నే నవ్వుతుంటే దారిన పోయేవాళ్లు తొంగిచూశారు.

నీ విండోస్‌ను నేను చంపలేదు. సంతలో ఎవడో అమ్మిన సీడీతో వేయించుకున్నావు. నేను తెరిచేసరికి ఆ ఇంట్లో నీకంటే వైరస్‌లకే ఎక్కువ చనువుంది. ఈ లినక్స్‌కి నువ్వనుకునే యాంటీవైరస్ అక్కర్లేదు. పొద్దున్నే ఏం చెయ్యాలంటావా? వీధిలోకెళ్లి నలుగురు మనుషుల మొహాలు చూడు.

నీ పట్టిక భద్రంగా ఉంది. తెర మీద ఎడమవైపు గళ్ల కాగితం బొమ్మ ఉంటుంది, నొక్కు. తోటల పేర్లు, లెక్కలు అన్నీ పాతవే. ప్రింటర్ కూడా పెట్టే వచ్చాను, ఒక కాగితం తీసి చూసుకున్నాను. "నా కంప్యూటర్" అని రాసి లేనంత మాత్రాన అది నీది కాకుండా పోదు.

ఒక్కమాట. కొత్తవి ఎక్కించడం, ఉన్నవి పీకెయ్యడం నీ చేత కాకుండా కట్టేశాను. చోటు చాలడం లేదని ఒకప్పుడు "విండోస్" అనే ఫోల్డరు మొత్తం చెత్తబుట్టలో వేశావు, గుర్తుందా? పైగా "ఇంత పెద్దది ఇక్కడెవరు పెట్టారు?" అని నన్ను తిట్టావు. అందుకని. ఏం కావాలన్నా నన్నడుగు.

మొంజీ చేత ఆలివ్ నూనె డబ్బా పంపుతున్నాను. సగం అతను తాగకుండా చూసుకో.

నజీహా

*

ఐన్ సల్మా, మే 14

నజీహా,

ఇది చదివి చింపెయ్యి. చింపిన ముక్కలు కూడా ఒకచోట పారెయ్యకు.

నువ్వు చెప్పినట్టే పట్టిక తెరుచుకుంది. తోటలన్నీ ఉన్నాయి. దాంతో నాకు ధైర్యం వచ్చింది, అదే నా కొంప ముంచింది. ఎంతైనా యాంటీవైరస్ ఒక్కటి ఉంటే మంచిదనిపించింది. మందుల షాపు ఫతహీకి లినక్స్ తెలుసట, అడిగితే ఒక లైను రాసిచ్చాడు. కంప్యూటర్లో నల్ల కిటికీ ఒకటి తెరిచి ఆ లైను కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఒక్క చుక్క పడదు! నక్షత్రం లేదు, గీత లేదు. కీబోర్డు పోయిందనుకుని తోజర్ వెళ్లి కొత్తది తెచ్చి తగిలించాను. దాంతోనూ అంతే. విసుగొచ్చి కళ్లు మూసుకుని మొత్తం కొట్టేశాను. అప్పుడొచ్చింది. చూసి రాస్తున్నాను, ఒక్క అక్షరం కల్పించలేదు:

"బెల్గాసెం పేరు అనుమతి ఉన్నవారి జాబితాలో లేదు. ఈ సంఘటన గురించి తెలియజేయబడుతుంది."

ఎవరికి? ఎవరికి తెలియజేస్తారు నజీహా?

మనం ఏ రోజుల్లో పెరిగామో మర్చిపోయావా? జాబితాలో పేరుందని తెలిస్తే ఇంటిల్లిపాదికీ అన్నం సహించేది కాదు. ఇప్పుడు లేకపోవడం నేరమా? ప్రభుత్వం మారి మూడేళ్లయిందని సంబరపడ్డాం. జాబితా మారిందన్నమాట, అంతే.

శిక్ష కూడా మొదలైంది. మర్నాడు పట్టికను ప్రింట్ కొడితే ప్రింటర్ ఉలకదు, పలకదు. అంతకు ముందు రోజు దాకా లక్షణంగా పనిచేసింది. కనెక్షన్ కోసేశారు.

వాళ్లొచ్చి తలుపు కొట్టేదాకా కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టే. మనంతట మనమే వెళితే మర్యాద. రేపు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వెళుతున్నాను. ఎందుకైనా మంచిదని దుప్పటి, సబ్బు సంచిలో పెట్టుకున్నాను. ఫోన్లో బ్యాటరీ తీసేశాను.

నీ అన్న

*

స్ఫాక్స్, మే 17

అన్నయ్యా,

వెళ్లకు. వెళ్లకు. వెళ్లకు.

ఆ మాటకీ పోలీసులకీ ఏ సంబంధమూ లేదు. ప్రపంచంలో ప్రతి లినక్స్ కంప్యూటరూ ఆ మాట అంటుంది. పెద్ద పెద్ద ఇంజనీర్లను కూడా అంటుంది, వాళ్లు టీ తాగి మళ్లీ కొడతారు. అది పైవాళ్లకి వెళ్లేది కాదు. వెళితే వెళుతుంది, వెళ్లినచోట నిన్నెవరూ ఏమీ అనరు. ఇంతకంటే వివరంగా రాద్దామంటే ఇప్పుడు షాపు నిండా జనం ఉన్నారు.

మొంజీ టాక్సీ గఫ్సా దగ్గర చెడిపోయి నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఇది నీ చేతికొచ్చేసరికి ఇంట్లోనే ఉంటే ఆ సంచి విప్పి, సబ్బు బాత్రూములో పెట్టు.

ఫోన్లో బ్యాటరీ పెట్టు. పోట్లాడనని ఒట్టు.

నజీహా

*

ఐన్ సల్మా, మే 24

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అందేసరికి వెళ్లడమూ అయింది, రావడమూ అయింది. "వెళితే వెళుతుంది" అని రాశావు. ఆ ఒక్క మాట చాలు నాకు. వెళుతుందన్నమాట.

స్టేషన్లో ఇప్పుడు తీజానీ అని కొత్త అధికారి ఉన్నాడు. మంచివాడే. కాకపోతే "నాకు తెలియదు" అన్న మాట నోట్లోంచి రాదు.

"నా మీద రిపోర్టు వచ్చి ఉంటుంది బాబూ," అన్నాను.

"ఏం రిపోర్టు బాబాయ్?"

"కంప్యూటర్ పంపింది. నేను జాబితాలో లేనని."

కాగితాల కట్ట తిరగేశాడు. సొరుగు లాగాడు, మూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆఁ... వచ్చింది. పరిశీలనలో ఉంది."

చూశావా? వచ్చిందట!

"ఇంతకీ ఏ జాబితా బాబాయ్ అది?"

"మీకు తెలియదా?"

"ఎందుకు తెలియదు? మీకు తెలుసో లేదోనని అడిగాను."

తర్వాత నాకు షరతులు పెట్టాడు. సంఘటనను మళ్లీ మళ్లీ జరిపి చూపించాలట. "రోజూ పొద్దున్నే ఆ లైను కొట్టండి. అదే మాట వస్తే ఇక్కడికొచ్చి సంతకం పెట్టండి. రిపోర్టు ఎప్పటికి చేరుతోందో మేం గమనిస్తాం," అన్నాడు. అప్పటి నుంచి ఫజర్ నమాజు కాగానే నేరం చేసి, స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టి, వాళ్లిచ్చిన టీ తాగి వస్తున్నాను. ఒకరోజు కరెంటు లేక నేరం చెయ్యలేకపోతే తీజానీ మొహం మాడ్చుకున్నాడు. "ఇలాగైతే ఎలా బాబాయ్? కేసు మీద శ్రద్ధ ఉండాలి," అన్నాడు.

పట్టికను ఫతహీ దగ్గర ప్రింటు తీయిద్దామనుకున్నాను. సాక్ష్యంలోంచి ఏదీ బయటికి పోకూడదని తీజానీ వచ్చి కంప్యూటర్‌కీ బల్లకీ కలిపి తాడు కట్టి లక్క ముద్ర వేశాడు. కీబోర్డు ఒక్కటి వదిలాడు, నేరం చేసుకోవడానికి.

ఊరికి తెలిసిపోయింది. తోటలవాళ్లు నా తరఫున సాక్ష్యం చెప్పడానికి స్టేషన్ ముందు బారులు తీరారు. ముసలి అమ్మార్ చెయ్యెత్తి, "ఇతను ఏ జాబితాలోనూ లేడు. పాత ప్రభుత్వంలోనూ లేడు. వీళ్ల నాన్న కూడా లేడు!" అని ప్రమాణం చేశాడు. నన్ను గట్టెక్కిస్తున్నాడో ముంచుతున్నాడో అర్థం కాలేదు. చివరికి అందరూ కలిసి "బెల్గాసెం పేరును జాబితాలో చేర్చవలసింది" అని అర్జీ రాసి సంతకాలు చేశారు. ఎవరికి పంపాలో ఎవరికీ తెలియదు. అందుకని సంఘం తలుపు మీద అంటించారు, సరిగ్గా నా పట్టిక ఉండాల్సిన చోట.

హమ్మాదీ సంతకం పెట్టలేదు. "విచారణలో ఉన్న మనిషి చేతికి నీళ్లెలా అప్పగిస్తాం? కుండైతే ఎవరినీ ఎవరికీ పట్టివ్వదు," అన్నాడు. ఆ మాటకి జనం తలలూపారు. రేపో మాపో కాలువ గట్టున కుండ కట్టి చూస్తారట.

నవ్వకు నజీహా. నాకు నిజంగా భయంగా ఉంది. జైలుకి కాదు. శుక్రవారం నాడు ఆ తలుపు మీద నా కాగితం లేకపోతే, ఆ పైవారం నుంచి నేనెవరో నాకే తెలియదు.

బెల్గాసెం

*

స్ఫాక్స్, జూన్ 2

అన్నయ్యా,

టీ గ్లాసు పక్కన పెట్టి చదువు.

ఆ రిపోర్టు వచ్చేది నాకు.

అది కంప్యూటర్‌ను ఎవరు సిద్ధం చేశారో వాళ్లకే చెబుతుంది. నీది సిద్ధం చేసింది నేను. నువ్వు మళ్లీ ఏ ఫోల్డరు చెత్తబుట్టలో వెయ్యబోతావోనని, నీ తప్పులన్నీ నా షాపు కంప్యూటర్‌కి వచ్చేలా పెట్టాను. ఏ ప్రభుత్వమూ లేదు, ఏ పోలీసు జాబితా లేదు. ఉన్నదల్లా నేనే.

ఈ సంగతి ముందే చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. ఏడాదికి రెండు పండగలకు ఫోన్ చేస్తావు. నాలుగో మాటకి పెట్టేస్తావు. సరే, పెట్టేస్తాం. మళ్లీ పండగ వచ్చేదాకా నువ్వు ఉన్నావో లేదో నాకెవరు చెబుతారు? ఇప్పుడు రోజూ నేను షట్టరెత్తి కూర్చునేసరికి "బెల్గాసెం పేరు జాబితాలో లేదు" అని వచ్చి ఉంటోంది. అంటే లేచావు, నమాజు చేసుకున్నావు, కుర్చీలో కూర్చున్నావు, మొండితనం రవ్వంత తగ్గలేదు. అది చదివి కాఫీ పెట్టుకుంటున్నాను. నీకు కరెంటు లేని రోజున నాకు అది రాలేదు. ఆ రోజు పాపం ఒక కస్టమర్ మీద ఊరికే అరిచాను. నీకు అనుమతి ఇచ్చేస్తే ఇక అవి రావు. అందుకే నోరు మూసుకున్నాను. నీ పదవి మీదికొస్తుందని తెలిసుంటే ఇంతదాకా రానిచ్చేదాన్ని కాదు.

ఇందాకే ఇక్కడి నుంచి నీ కంప్యూటర్లోకి వచ్చి దాని అనుమతుల జాబితాలో నీ పేరు చేర్చాను. తీజానీకి చెప్పు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనపడదు, పక్కవాడు లెక్కపెట్టకుండా. నీ పాత కీబోర్డు నిక్షేపంలా ఉంది.

కీబోర్డంటే గుర్తొచ్చింది. ప్రింటర్‌ను ఎవరూ కొయ్యలేదు. నీ పెట్టె వెనక పనిచేసే యూఎస్‌బీ పోర్టులు రెండే. ఒకదాంట్లో మౌస్ ఉంది, పాత కీబోర్డుది వేరే గుండ్రటి పోర్టు. కొత్త కీబోర్డు తగిలించడానికి రెండోదాంట్లోంచి ఒక వైరు పీకి ఉంటావు. ఆ వైరు పట్టుకుని అది ఎక్కడికి పోతుందో చూడు.

మొంజీని బతిమాలి ఈ రోజే బయల్దేరదీస్తున్నాను.

నజీహా

*

ఐన్ సల్మా, జూన్ 7

చెల్లెమ్మా,

వైరు పట్టుకుని వెళ్లాను. ప్రింటర్ దగ్గర తేలింది. ఈ విషయం మనం జన్మలో మళ్లీ మాట్లాడుకోవద్దు.

శుక్రవారం పొద్దున్నే తీజానీని ఇంటికి పిలిచి నీ ఉత్తరం మొదటి భాగం చదివి వినిపించాను. పాపం మొహం వాడిపోయింది.

"అయితే ఇన్నాళ్లూ మా దగ్గర పరిశీలనలో ఉన్నదేంటి బాబాయ్?"

"అది మీరే చెప్పాలి బాబూ."

 తర్వాత కాగితం తీసి, "రిపోర్టు చేరవలసిన వారికే చేరినట్టు విచారణలో రుజువైనది" అని రాసుకుని, ముద్ర పగలగొట్టి తాడు విప్పాడు. పట్టిక ప్రింటు కొట్టాను. కాగితం బయటికొస్తుంటే ఇద్దరం లేచి నిలబడ్డాం.

సంఘం దగ్గరికెళితే అక్కడ ఇంకో గొడవ. కుండ కట్టి చూస్తామన్నారు కదా, చూశారు. మన నీళ్ల సంగతి తెలిసిందే, గిన్నెలకే సున్నం పడుతుంది. కుండ చిల్లు పూడుకుపోయింది. కుండ ఖాళీ అవ్వదు, కాబట్టి వంతు అయిపోదు. అమ్మార్ తోటకి తెరిచిన కాలువ తెరిచినట్టే ఉంది. తోట చెరువైపోయి కప్పలు అరుస్తున్నా అమ్మార్ నోరు మెదపలేదు. "నేనేం చెయ్యను? కుండ చెప్పలేదుగా," అంటాడు. తర్వాతి వంతు ఎవరిదనుకున్నావు? హమ్మాదీది. అతని చెట్లు నాలుక చాపుకుని చూస్తున్నాయి.

నా కాగితం తలుపు మీద అంటించాను. చోటు లేక అర్జీ మీదే అంటించాను. హమ్మాదీ అందరికంటే ముందొచ్చి తన తోట ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు. "బాగానే వచ్చింది ప్రింటు," అన్నాడు. పదవి నాదే నజీహా. సాయంత్రం లోపు ముగ్గురొచ్చి తమ వంతు తక్కువైందని నన్ను తిట్టిపోయారు. ప్రాణం లేచొచ్చింది.

నీ ఉత్తరంలో రెండో భాగం ఎవరికీ చదివి వినిపించలేదు. నేను మాత్రం చదివి, లేచి, మొహం కడుక్కొచ్చాను. నువ్వలా ఎదురుచూస్తావని నాకేం తెలుసు? ఫోన్లో ఎప్పుడూ ముందు కేకలేసేది నువ్వే కదా. పోనీలే. కానీ ఒకటడుగుతాను. నేను లేచిన సంగతి నీకు తెలుస్తోంది. నువ్వు లేచిన సంగతి నాకెవరు చెబుతారు? నువ్వూ ఆ షాపులో ఒక్కదానివేగా.

ఫతహీ దగ్గర లినక్స్ పాఠాలు చెప్పించుకుంటున్నాను. అనుమతి ఉన్నవాడు ఏమేం చెయ్యొచ్చో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. రిఫ్రెష్ అలవాటు మాత్రం పోలేదు.

బెల్గాసెం

*

స్ఫాక్స్, జూన్ 14

అన్నయ్యా!

ఏం చేశావు నువ్వు?

నీకు అనుమతి ఇచ్చినప్పటి నుంచి పొద్దున్నే ఏమీ రావడం లేదు. రాదని తెలుసు. తెలిసీ రోజూ చూస్తున్నాను. నిన్న ఉండబట్టలేక, నీ కంప్యూటర్ ఎలా ఉందో ఒకసారి చూద్దామని ఇక్కడి నుంచి అందులోకి వచ్చి ఒక చిన్న లైను కొట్టాను. ఏం వచ్చిందో చూసి రాస్తున్నాను, ఒక్క అక్షరం కల్పించలేదు:

"నజీహా పేరు అనుమతి ఉన్నవారి జాబితాలో లేదు. ఈ సంఘటన గురించి తెలియజేయబడుతుంది."

నన్ను తీసేశావా? దాన్ని సిద్ధం చేసింది నేను! పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, కీబోర్డు పోయిందేమోనని మార్చి కూడా చూశాను. ఈ మాట ఫతహీకి తెలిస్తే ఊరుకోను.

ఈ ఉత్తరం అందిన వెంటనే నన్ను జాబితాలో చేర్చు. చేర్చేదాకా రోజూ పొద్దున్నే కొడుతూనే ఉంటాను.

నజీహా

*

ఐన్ సల్మా, జూన్ 18

నజీహాకు,

నీ ఉత్తరం కంటే ముందే నీ రిపోర్టులు అందాయి. శుక్రవారం ఒకటి, దాని వెనకే కోపంగా ఇంకొకటి. ఆ తర్వాత అన్న మాట ప్రకారం రోజూ వస్తున్నాయి. లేచావు, షట్టరెత్తావు, మొండితనం రవ్వంత తగ్గలేదు. చదువుకుని కాఫీ పెట్టుకుంటున్నాను. యాంటీవైరస్ లేని లోటు ఇప్పుడు తెలియడం లేదు.

నిన్ను జాబితాలో చేర్చను. సంఘమంతా అర్జీ పెట్టినా చేర్చను.

నా సంగతంటావా, అదే కంప్యూటర్లో ఏ అనుమతీ లేని ఇంకో బెల్గాసెంను తయారుచేశాను. రేపు ఫజర్ నమాజు కాగానే వాడి చేత నేరం చేయిస్తాను. రిపోర్టులు మనిద్దరికీ చేరేలా మార్చాను కాబట్టి నీ షాపుకీ వస్తుంది, చూసుకో. సంతకాలు లేక స్టేషన్ బోసిపోయిందని తీజానీ మూడుసార్లు కబురంపాడు. పొద్దున్నే ఇక్కడికే టీకి రమ్మన్నాను, సాక్షిగా కూడా ఉంటాడు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని ఈ పొద్దున్నే తెలిసింది.

బెల్గాసెం